గరాజ్‌లో రీలోడింగ్ బల్ల: కొలతలు, కోతలు, తప్పులు

రీలోడింగ్‌కి, అంటే కాల్చేసిన తూటాలని ఇంట్లో మళ్లీ నింపుకోవడానికి, బల్ల కట్టాలనుకునేవారు ముందు అడిగేది ఒకటే: "ఎంత గట్టిగా ఉండాలి?" గట్టిగానే ఉండాలి. కానీ గట్టితనం ఒక్కటే అయితే ఏ పాత బల్లకైనా నాలుగు మేకులు ఎక్కువ కొట్టి ఊరుకోవచ్చు. అసలు చిక్కు ఒకదానికొకటి పడని రెండు పనులు అక్కడే జరగడం. ప్రెస్ (తూటా గుల్లల్ని నొక్కే ఇనుప యంత్రం) పిడి మీద మనిషి బరువంతా వేసి లాగుతాం. పక్కనే ఉన్న పౌడర్ (తుపాకీ మందు) త్రాసు, గ్రెయిన్ అనే చిన్న తూకంలో పదో వంతు తూచాలి. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, గురిగింజ ఎత్తు రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ. అంటే ఆ త్రాసు గురిగింజలో దాదాపు ఇరవయ్యో వంతుని పట్టుకోవాలి. కంసాలి ఫ్యాన్ ఆపి, ఊపిరి బిగబట్టి తూచే చోటు పక్కనే ఎవరో రోకలి వేస్తున్నట్టు ఉంటుంది వ్యవహారం. ఈ రెండింటినీ ఎలా విడదీయాలన్నదాని చుట్టూనే కింది కొలతలన్నీ తిరుగుతాయి.

ఇది అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల కోసం. ఇండియాలో తూటాల తయారీకి 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి, కాబట్టి గుంటూరులోనో వరంగల్‌లోనో పెరట్లో కట్టుకునే బల్ల కాదిది.

కలప కన్నా ముందు వీసా

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు తిరిగి నింపుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం తయారీదారు లైసెన్సు తీసుకోవాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. మనవాళ్లు కాలు జారేది ఇంకోచోట.

హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టంలోనే ఉంది. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఎక్కువమంది వాడుకునేది అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఇక్కడ గమనించాల్సింది "అమ్యూనిషన్" అన్న మాటకి చట్టం ఇచ్చిన అర్థం. నిండు తూటా ఒక్కటే కాదు, కేస్ (ఇత్తడి గుల్ల), ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత), బుల్లెట్ (బయటికి దూసుకెళ్లే గుండు), పౌడర్, ఇవి విడివిడిగా ఉన్నా అమ్యూనిషనే. "తుపాకీ ఫ్రెండ్‌ది, నా దగ్గర ఖాళీ కేసులు, ఒక ప్రైమర్ డబ్బా మాత్రమే ఉన్నాయి" అన్న వాదన నిలవదు. ఇల్లు పంచుకుంటున్నవారిలో ఒకరికి హక్కుండి మరొకరికి లేకపోతే సామాను తాళం వేసిన అల్మరాలో ఉండాలి, తాళంచెవి హక్కున్నవారి దగ్గరే ఉండాలి. సందేహం ఉంటే లాయర్‌నే అడగండి. గన్ షాపులో కౌంటర్ దగ్గరున్నతని మాట మీద ఇమిగ్రేషన్ ఫైలుని పణంగా పెట్టకండి. రాష్ట్రాన్ని బట్టి అదనపు నిబంధనలుంటాయి. అద్దె ఇల్లయితే లీజు, సొంతిల్లయితే ఇన్సూరెన్సు కాగితం కూడా ఒకసారి తిప్పి చూడాలి.

ఇంకొక్క మాట. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుని ఊరి ప్రయాణానికి వాడకండి. పౌడర్, ప్రైమర్లు విమానంలో చేతి సంచిలోనూ కుదరవు, చెకిన్ పెట్టెలోనూ కుదరవు. జిప్పు మడతలో మరిచిపోయిన ఒక్క తూటా హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో దొరికితే ఆయుధ చట్టం కింద కేసు.

బల్ల మీద జరిగే పని

కాల్చిన ఇత్తడి గుల్లని ఇక్కడ కేస్ అనీ బ్రాస్ అనీ అంటారు. దాన్ని శుభ్రం చేసి, ప్రెస్‌లో డై (కేసుని నొక్కే గట్టి అచ్చు) గుండా నెట్టి పాత ప్రైమర్ ఊడగొట్టి, మళ్లీ కొలతకి తెస్తారు. సైజింగ్ అంటే ఇదే. కొత్త ప్రైమర్ ఎక్కిస్తారు. పౌడర్ తూచి పోస్తారు. బుల్లెట్ కూర్చోబెడతారు. ఏ బుల్లెట్‌కి ఏ పౌడర్ ఎంత అన్నది పౌడర్ కంపెనీలు, బుల్లెట్ కంపెనీలు అచ్చువేసే లోడింగ్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి. ఆ అంకెల జోలికి ఇక్కడ పోవడం లేదు.

వీటిలో బల్లని కుదిపేది సైజింగే. 9 ఎంఎం లాంటి చిన్న పిస్టల్ కేసులకి, కార్బైడ్ డై ఉంటే, పెద్ద బలం అక్కర్లేదు. .30-06 లాంటి రైఫిల్ కేసుని పూర్తిగా సైజు చేసేటప్పుడు, అందులోనూ లూబ్ (కేసుకి పూసే జారుడు పూత) సరిగ్గా పట్టకపోతే, బల్ల ముందుకాళ్ల మీదకి వంగినట్టవుతుంది, పిడి వెనక్కి తోసేటప్పుడు గోడ వైపు పోతుంది.

చాలామంది అనుకునేట్టు బల్ల ఊగడం వల్ల సైజింగ్ కొలతలు మారవు. డై, ర్యామ్ (కేసుని డైలోకి నెట్టే కడ్డీ) రెండూ ప్రెస్ ఇనుప చట్రంలోనే ఉంటాయి కాబట్టి వాటి మధ్య దూరాన్ని బల్ల మార్చలేదు. చెడేది వేరే. లోడింగ్ బ్లాకులో (కేసుల్ని నిలబెట్టే గుంటల పలక) పౌడర్ పోసి నిలబెట్టిన కేసుల్లోంచి పౌడర్ చిందుతుంది. పౌడర్ మెజర్ (పిడి తిప్పితే ఒక్కో కొలత పౌడర్ పోసే పరికరం) బరువుని బట్టి కాదు, ఘనపరిమాణాన్ని బట్టి కొలుస్తుంది. అదురు తగిలిన కొద్దీ లోపలి పౌడర్ దిగి గట్టిపడి, అదే గుంటలో ఎక్కువ పౌడర్ పడుతుంది. శేరుని కుదిపి బియ్యం కొలిచినట్టే. త్రాసు సున్నా దగ్గర నిలవదు. ఈ మూడూ చూస్తే ఊగే బల్ల ప్రమాదమనడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

చోటు

గరాజ్‌లో ఒక మూల ఎంచుకోండి. బల్ల ఎడమ కొస పక్కగోడకి దగ్గరగా, కుడి కొస ఖాళీగా ఉండాలి. కుడిచేతివాటం వారికి ప్రెస్ కుడివైపు వస్తుంది, ఎడమ వైపు గోడ త్రాసుకి పనికొస్తుంది. ఎడమచేతివాటమైతే ఇదంతా తిప్పి చదువుకోండి.

గ్యాస్ వాటర్ హీటర్, గ్యాస్ డ్రయ్యర్ ఉన్న మూల వద్దు. చాలా హీటర్లలో పైలట్ మంట (చిన్న దీపం లాంటిది) ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, డ్రయ్యర్ నడిచేటప్పుడు లోపల మంటే. గ్రైండర్, వెల్డింగ్ సామాను అదే బల్ల మీద పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఏసీ గాలి నేరుగా త్రాసు మీదికి వచ్చే చోటు కూడా పనికిరాదు. ఎన్నో గరాజ్‌ల్లో గోడ అడుగున సిమెంటు గట్టు కొద్దిగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అది చూసుకోకపోతే వెనక కాళ్లు గోడకి ఆనవు. గట్టు ఎంత ముందుకొచ్చిందో అంత మందం చెక్కని గోడకి ముందే వేసుకోవాలి.

నేల కూడా సమంగా ఉండదు. నీళ్లు బయటికి పోవాలని గరాజ్ నేలని తలుపు వైపు వాటంగా పోస్తారు. అందుకే నాలుగు కాళ్లూ ఒకే పొడవు కోసేసి తర్వాత అట్టముక్కలు పెట్టే పద్ధతి కంటే, ముందు గోడ మీద, కాళ్ల పై అంచు వచ్చే ఎత్తులో, రసమట్టంతో గీత గీసి, ఆ గీత నుంచి నేలకి ఒక్కో కాలు దగ్గర విడివిడిగా కొలవడం మంచిది.

కొనాల్సినవి

బల్ల పొడవు 72 అంగుళాలు, వెడల్పు 24, ఎత్తు 38. ఐదున్నర అడుగుల మనిషి నిలబడి గానీ ఎత్తు స్టూలు మీద కూర్చుని గానీ చేయగల ఎత్తిది. పిడి పై అంచున ఉన్నప్పుడు భుజం పైకి లేస్తుంటే బల్ల మీకు ఎక్కువ ఎత్తు. పొడుగువారు 40 చేసుకోవచ్చు. కూర్చునే చేయాలనుకుంటే 30, అప్పుడు కాళ్లకి చోటు కోసం అడుగు షెల్ఫ్ మానేయాలి.

ఎనిమిదడుగుల టూ-బై-ఫోర్లు ఏడు. ఎనిమిదడుగుల ఫోర్-బై-ఫోర్లు రెండు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ నాలుగు-ఎనిమిది షీటు ఒకటి. పేరుకి టూ-బై-ఫోర్ అయినా నిజం కొలత ఒకటిన్నర బై మూడున్నర, ఫోర్-బై-ఫోర్ మూడున్నర చదరం. కింది లెక్కలన్నీ నిజం కొలతలతోనే. స్టోర్‌లో ఒక ఉచ్చు ఉంది: 96 అంగుళాల టూ-బై-ఫోర్ల పక్కనే గోడల కోసం ముందే కోసిన 92 5/8 అంగుళాలవి కూడా ఉంటాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అవి తెచ్చుకుంటే ఈ కోతల లెక్క మొత్తం తప్పుతుంది. ఒక్కో కర్రనీ కొస నుంచి ఒంటికన్నుతో చూసి వంకర లేనివి ఏరండి. చేతికి చల్లగా, బరువుగా తగిలే పచ్చి కర్ర వద్దు, ఆరాక మెలితిరుగుతుంది.

3/8 అంగుళం మందం, ఆరంగుళాల పొడవు క్యారేజ్ బోల్టులు ఎనిమిది, వాషర్లు, నట్లు. మూడంగుళాల కన్‌స్ట్రక్షన్ స్క్రూలు, రెండున్నరవి, ఒకటింబావువి తలా ఒక డబ్బా. గోడకి 5/16 మందం, నాలుగంగుళాల ల్యాగ్ స్క్రూలు. చెక్క జిగురు.

ప్రెస్ మాత్రం వీటన్నిటికన్నా ముందే కొనండి. ఆర్‌సీబీఎస్ రాక్ చకర్‌కీ, లీ క్లాసిక్ కాస్ట్‌కీ, డిల్లాన్ 550కీ అడుగు ఆకారం వేరు, బోల్టు రంధ్రాల చోట్లు వేరు, పాత ప్రైమర్ పడే దారి వేరు. బల్ల కట్టేశాక ప్రెస్ వస్తే రంధ్రం సరిగ్గా కాలు మీద పడుతుంది. పడకపోతే ఆశ్చర్యపోవాలి.

కోతలు

రెండు టూ-బై-ఫోర్లలో ఒక్కోదాన్నుంచి 72 అంగుళాల ముక్క కోయండి. మిగిలేది 24కి రంపపు మందం తక్కువ, అంటే 23 7/8. అవి రెండు అడ్డపట్టెలవుతాయి. నాలుగు టూ-బై-ఫోర్లలో ఒక్కోదాన్నుంచి 69 అంగుళాలు. మిగిలిన నాలుగు ముక్కల్లో రెండింటిని 23 7/8కీ, రెండింటిని 17కీ కోయండి. ఏడోదాన్ని 17, 61న్నర, 17గా కోస్తే పావంగుళం కూడా మిగలదు.

ఫోర్-బై-ఫోర్లలో ఒక్కోదానికి రెండు కాళ్లు. పేరుకి 35 అంగుళాలు, నేల వాటాన్ని బట్టి సర్దుకోండి. ప్లైవుడ్‌ని పొడవునా సగానికి చీల్చి, రెండు చీలికల్నీ 72 దగ్గర కోస్తే బల్ల పైభాగానికి రెండు పొరలొస్తాయి, అడుగు షెల్ఫ్‌కి రెండు చదరపు ముక్కలు మిగులుతాయి. స్టోర్‌లోనే చీల్పించుకుంటే కారులో పడుతుంది.

చట్రం

ముందు కాళ్ల లోపలి ముఖం మీద, అంటే వెనక వైపు, 69 అంగుళాల పట్టె నిలువుగా, పై అంచు కాలి పై అంచుతో సమంగా రావాలి. అడుగున నేలకి ఎనిమిదంగుళాల ఎత్తులో ఇంకోటి. వెనక కాళ్లకీ అంతే, వాటికి పట్టెలు ముందు వైపు వస్తాయి. ప్రతి కలయిక దగ్గర ఒక క్యారేజ్ బోల్టు, రెండు స్క్రూలు. స్క్రూలే చాలు కదా అనిపిస్తుంది. కానీ కొన్నాళ్లకి కర్ర ఆరి సన్నబడితే స్క్రూని మళ్లీ బిగించినా పట్టు రాదు, బోల్టయితే అరచుట్టు తిప్పితే చాలు. వెనక కాళ్ల బోల్టు తలలు గోడ వైపు వస్తాయి కాబట్టి, ఒక అంగుళం బిట్‌తో పావంగుళం లోతు గుంట తీసి తలని అందులో దాచండి.

23 7/8 అడ్డపట్టెలు నాలుగూ కాళ్ల బయటి ముఖాల మీద, పైన ఒకటి అడుగున ఒకటి, మూడంగుళాల స్క్రూలతో. బోల్టు దారిలోకి స్క్రూ పోకుండా చూసుకోండి. మూలమట్టం పెట్టి చూడ్డమే కాదు, ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ కొలవండి. అవి సమానమైతేనే చట్రం చదరంగా ఉన్నట్టు.

ఇప్పుడు కాళ్ల నెత్తిన నిచ్చెన ఆకారం. 72 అంగుళాల పట్టెలు రెండింటినీ నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఒకటి ముందు అంచున, ఒకటి వెనక అంచున పరవండి. వాటి మధ్య 17 అంగుళాల ముక్కలు నాలుగు: రెండు కొసల్లో, ఒకటి మధ్యలో, నాలుగోది కుడి కొస నుంచి 12 అంగుళాల దగ్గర. ప్రెస్ వచ్చేది అక్కడే. ముందు పట్టెని పడుకోబెట్టడానికి కారణం ప్రెస్సే. నిలబెడితే బోల్టు మూడున్నర అంగుళాల కర్ర లోతునా పోవాలి, కిందనుంచి నట్టు అందదు. పడుకోబెడితే ప్లైవుడ్ ఒకటిన్నర, పట్టె ఒకటిన్నర, మొత్తం మూడంగుళాలు. వంగకుండా ఆపే పని వెనకాలే నిలబడ్డ 69 అంగుళాల పట్టెది.

గోడకి

అమెరికా ఇళ్లలో గోడ లోపలి నిలువు కర్రలు, స్టడ్లు, ఎక్కువగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. స్టడ్ ఫైండర్‌తో గుర్తుపెట్టి, సన్నటి మేకు దించి కర్ర తగిలిందో లేదో నిర్ధారించుకోండి. 61న్నర అంగుళాల ముక్కని, వెనక కాళ్ల మధ్యలో వచ్చేట్టు, పై అంచు గీతకి సరిగ్గా ఆనేట్టు గోడకి బిగించాలి. ఒక్కో స్టడ్‌కి రెండేసి ల్యాగ్ స్క్రూలు. నాలుగంగుళాల స్క్రూలో ఒకటిన్నర ఈ ముక్కకి, అరంగుళం జిప్సం బోర్డుకి పోగా రెండంగుళాలు స్టడ్‌లో దిగుతుంది. ముందుగా 3/16 బిట్‌తో రంధ్రం వేయకపోతే స్టడ్ చీలుతుంది, లేదా స్క్రూ తల తెగుతుంది.

చట్రాన్ని వెనక్కి జరిపి, పడుకున్న వెనక పట్టెని పైనుంచి ఈ ముక్కలోకి రెండున్నర స్క్రూలతో బిగిస్తే బల్ల ఇంటిలో భాగమైపోతుంది. జిప్సం బోర్డుకి ప్లాస్టిక్ యాంకర్లు కొట్టి ఆపేద్దామనుకునేవారికి: అవి ఫొటో ఫ్రేములకి.

పైభాగం

రెండు ప్లైవుడ్ పొరల మధ్య జిగురు మొత్తం పరిచి, కిందనుంచి ఒకటింబావు స్క్రూలు ఎనిమిదంగుళాలకొకటి. ఆ రాత్రంతా బరువు పెట్టి వదిలేయండి. చట్రానికి కూడా కిందనుంచే రెండున్నర స్క్రూలు, పైన ఒక్క తల కనపడకూడదు. స్క్రూ తల గుంట ఉందంటే అందులో పౌడర్ గింజలు చేరతాయి, ఊడ్చినా రావు.

రంగు లేతగా ఉండాలి. చాలా పౌడర్లు ముదురు బూడిద రంగులో ఉంటాయి, ముదురు బల్ల మీద చిందితే కనపడవు. పాలియురేతేన్ మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య సన్న గరుకు కాగితంతో రుద్ది. ముందు అంచున తప్ప మిగతా మూడు వైపులా అరంగుళం పట్టీ వేస్తే ప్రైమర్లు దొర్లి గోడ సందులో పడవు. కింద నేల మీద కార్పెట్ వద్దు. పడ్డ ప్రైమర్‌ని కార్పెట్‌లో వెతకడం కంటే కొత్తది కొనుక్కోవడం సుఖం, కానీ ఆ పడ్డది అక్కడే ఉంటుంది, వాక్యూమ్ వచ్చేదాకా.

ప్రెస్ బిగింపు

వెంటనే బరమా తీయకండి. ప్రెస్‌ని సి-క్లాంపులతో పట్టించి, ఒక కేసు పెట్టి పిడిని పైనుంచి కిందిదాకా పూర్తిగా తిప్పండి. మూడు చూడాలి. పిడి చివర గుండు మోకాలికి గానీ కుడి కాలికి గానీ తగులుతుందా? ర్యామ్ కింద కీళ్లు బల్ల అంచుని రాసుకుంటున్నాయా? పాత ప్రైమర్లు పడే గొట్టానికో, డబ్బాకో దారి ఉందా? కొన్ని ప్రెస్‌ల కీళ్లు బల్ల మట్టం కంటే కిందికి ఊగుతాయి, వాటిని అంచు దాటి ముందుకు వేలాడేట్టు పెట్టాలి. ఎంత ముందుకో ప్రెస్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది.

అన్నీ కుదిరాక పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, నిటారుగా రంధ్రాలు. సాధారణంగా పావంగుళం గానీ 5/16 గానీ బోల్టు పడుతుంది, మీ ప్రెస్ రంధ్రమే చెబుతుంది. బోల్టులు పైనుంచి కిందిదాకా పూర్తిగా దూరి ఉండాలి. పైనుంచి ల్యాగ్ స్క్రూ దించితే కొన్ని వందల కేసులకే ప్లైవుడ్ పొరల్లో గూడు చేసుకుని వదులవుతుంది. కింద మామూలు వాషర్లు చాలవు, మెత్తటి కర్రలోకి కూరుకుపోతాయి. పెద్ద ఫెండర్ వాషర్లో, అంతకన్నా మేలుగా ఎనిమిదో వంతు అంగుళం ఇనుప పలకో వేసి, నైలాన్ ఉన్న నట్లతో బిగించండి. వెనక రంధ్రం నిలువు పట్టె మీద పడితే ప్రెస్‌ని అరంగుళం అటూ ఇటూ జరిపి చూడండి. కుదరకపోతే పట్టెతో కలిపి రంధ్రం వేసి ఎనిమిదంగుళాల బోల్టు.

అడుగు షెల్ఫ్ ముక్కల్ని ఎడమకి జరిపి పరిస్తే మొత్తం 48 అంగుళాలు. కాళ్ల మధ్య జాగా 62 కాబట్టి కుడివైపు 14 అంగుళాలు ఖాళీ, సరిగ్గా ప్రెస్ కింద. పాత ప్రైమర్ల డబ్బా అక్కడికి, ప్రెస్ నట్లు బిగించడానికి చెయ్యి దూరేదీ అక్కడే. షెల్ఫ్ మీద బుల్లెట్ డబ్బాలు పెట్టండి. 124 గ్రెయిన్ల 9 ఎంఎం బుల్లెట్లు వెయ్యి అంటే దాదాపు 17.7 పౌండ్లు. నాలుగు డబ్బాలు అడుగున పడితే బల్ల కదలమన్నా కదలదు.

త్రాసు బల్ల మీద వద్దు

త్రాసుకి పక్కగోడ మీద వేరే షెల్ఫ్. పది అంగుళాల వెడల్పు, పదహారు పొడవు పలక ముక్క చాలు, రెండు ఎల్ బ్రాకెట్లు, స్టడ్‌లోకి స్క్రూలు. బల్లని బిగించిన గోడకే ఇదీ బిగిస్తే ప్రెస్ అదురు స్టడ్ల గుండా ఇక్కడికీ వస్తుంది, అందుకే మూల ఎంచుకోమన్నది. షెల్ఫ్ ఎక్కడా బల్లని తాకకూడదు, కనీసం వేలు దూరే సందు ఉండాలి.

బీమ్ త్రాసయితే ఎత్తు మీ కంటి మట్టానికి. పైనుంచి వంగి చూస్తే ముల్లు గీత పక్కన ఉన్నా మీద ఉన్నట్టే కనపడుతుంది. డిజిటల్ అయితే పని మొదలుపెట్టే అరగంట ముందే ఆన్ చేయాలి. వేడెక్కేదాకా అంకె జారుతూనే ఉంటుంది. ఫోను దాని పక్కన పెట్టకండి. పాత ఫ్లోరసెంట్ ట్యూబు కింద కొన్ని త్రాసులు పిచ్చిగా తిరుగుతాయి. చలికాలం పొడిగాలిలో ప్లాస్టిక్ గరాటుకీ పళ్లేనికీ స్థిరవిద్యుత్తు పట్టి పౌడర్ అంటుకుంటుంది, డ్రయ్యర్‌లో వేసే షీటుతో తుడిస్తే తగ్గుతుంది. ఏ రకమైనా సరే, చెక్ వెయిట్లు కొని ప్రతిసారీ సరిచూడండి, మీరు పోయబోయే బరువుకి దగ్గరగా ఉన్నదానితో. 100 గ్రాముల తూకం సరిపోయిందంటే 5 గ్రెయిన్ల దగ్గర నిజం చెబుతుందని కాదు.

పౌడర్ మెజర్‌ని బల్ల మధ్యలో ఉన్న 17 అంగుళాల ముక్క మీద వచ్చేట్టు స్టాండ్‌తో బిగించండి. నింపాక మొదటి పదిసార్లు పడ్డ పౌడర్‌ని తిరిగి పోసేసి, తర్వాతే తూచడం మొదలుపెట్టాలి. ప్రోగ్రెసివ్ ప్రెస్ (పిడి ఒక్కసారి లాగితే అన్ని దశల పనీ ఒకేసారి చేసేది) అయితే మెజర్ ప్రెస్ నెత్తినే ఉంటుంది, విడదీసే వీలు లేదు. అక్కడ బల్ల బిగువే దిక్కు, మధ్యమధ్యలో తీసి తూచి చూసుకోవడమే.

వెలుతురు

నడినెత్తిన ఉన్న గరాజ్ దీపం పనికిరాదు, మీ తల నీడే పని మీద పడుతుంది. నాలుగడుగుల ఎల్ఈడీ బల్ల వెనక గోడ మీద, కంటికి కొట్టకుండా ముందు పట్టీ ఉన్నది. ప్రెస్ మీదకి వంచుకునే చిన్న దీపం ఇంకోటి. 50 కేసుల లోడింగ్ బ్లాకులోకి పైనుంచి చూస్తే ప్రతి కేసులో పౌడర్ మట్టం కనపడాలి. ఒకదానిలో అసలు లేకపోతే బుల్లెట్ నాళంలోనే ఇరుక్కుంటుంది, అది తెలియక మరొకటి కాలిస్తే నాళం పగులుతుంది. రెండుసార్లు పడితే ఇంకా ఘోరం. ఇన్ని కొలతల బల్ల కట్టి వెలుతురు దగ్గర పీనాసితనం చేయడం అర్థం లేని పని.

పౌడర్, ప్రైమర్లు ఉండే చోటు

బల్ల మీద ఎప్పుడూ ఒక్క పౌడర్ డబ్బాయే ఉండాలి. రెండు తెరిచి ఉంటే ఏదో రోజు ఒకదానిలోది మరోదానిలో పోస్తారు, చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. పని అయ్యాక మెజర్‌లో మిగిలింది వెంటనే అదే డబ్బాలోకి. పేరు తెలియని పౌడర్ మిగిలితే అది పారబోయాల్సిందే.

అమెరికాలో చాలాచోట్ల పాటించే ఎన్ఎఫ్‌పీఏ 495 (అగ్నిప్రమాద నివారణ సంస్థ నియమావళి) ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల వరకు స్మోక్‌లెస్ పౌడర్ (పొగ అంతగా రాని, నేటి తూటాల్లో వాడే మందు) అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. అది దాటి 50 పౌండ్ల వరకు అయితే కనీసం అంగుళం మందం చెక్క పెట్టె కావాలి. ప్రైమర్లు 10,000 వరకు. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంతకన్నా తక్కువ చెబితే అదే లెక్క. చెక్కే ఎందుకు, ఇనుప పెట్టె గట్టిది కదా? గట్టిది కాబట్టే వద్దు. స్మోక్‌లెస్ పౌడర్ విడిగా ఉంటే అంటుకుని మండుతుంది, బిగుతుగా మూసిన ఇనుప పెట్టెలో వాయువులు పోయే దారి లేక పేలుతుంది. చెక్క పెట్టె కీళ్ల దగ్గర ముందే విడిపోతుంది.

టెక్సస్, అరిజోనా ఎండల్లో గరాజ్ పొయ్యిలా ఉంటుంది. వేడికి పౌడర్ చెడిపోతుంది, అందుకే డబ్బాలు ఇంటి లోపల చల్లటి, పొడి అల్మరాలో, పిల్లలకి అందకుండా ఉంచి, పని రోజు కావాల్సినంతే గరాజ్‌కి తేవాలి. ప్రైమర్లు అవి వచ్చిన ట్రేల్లోనే ఉండాలి. గాజు సీసాలో గుట్టగా పోసి పెడితే ఒకటి పేలినప్పుడు అన్నీ కలిసి పేలతాయి. ట్రేలో ఒకదానికొకటి దూరంగా పేర్చింది అందుకే.

చిందిన పౌడర్‌కి మెత్తటి బ్రష్, చేట. వాక్యూమ్ క్లీనర్ ఎన్నడూ వద్దు, మోటారు నిప్పురవ్వ చాలు. పాత ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. కేసుల్ని పొడి టంబ్లర్‌లో తిప్పితే ఆ దుమ్ము గాలిలోకి లేస్తుంది, అది ఆరుబయట చేయాలి. స్టీలు పిన్నులతో నీళ్లలో తిప్పేదయితే దుమ్ము లేదు. బల్ల దగ్గర తిండి, కాఫీ వద్దు. అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కుని గానీ పిల్లల్ని ఎత్తుకోవద్దు. గరాజ్ చెప్పులు గరాజ్‌లోనే ఉండాలి. మన ఇళ్లలో ఆ అలవాటు ఎలాగూ ఉన్నదే.

పౌడర్ తేకముందు

బల్ల పూర్తయ్యాక ప్రైమర్ లేని ఖాళీ కేసులు యాభై సైజు చేసి చూడండి. తర్వాత ప్రెస్ బోల్టులు, చట్రం బోల్టులు మళ్లీ బిగించండి, మొదటిసారి అన్నీ కొంచెం వదులవుతాయి. ఇక త్రాసు షెల్ఫ్ మీద స్టీలు గ్లాసు నిండా నీళ్లు పెట్టి, వేరొకరిని చూస్తుండమని ప్రెస్ పిడి గట్టిగా లాగండి. నీళ్లలో సన్నటి వలయాలు కనిపిస్తే షెల్ఫ్ ఎక్కడో బల్లని తాకుతోంది, లేదా బ్రాకెట్ స్క్రూ స్టడ్ తప్పి జిప్సంలోకి పోయింది. తీసి మళ్లీ బిగించండి.